సొంత తెరచాప పడవలో అట్లాంటిక్ దాటడానికి సన్నాహం: కేనరీ దీవుల నుంచి సెయింట్ లూసియా దాకా

ఆఫ్రికా వాయవ్య తీరానికి చేరువలో ఉన్న స్పెయిన్ వారి కేనరీ దీవుల నుంచి కరీబియన్‌లోని సెయింట్ లూసియాకు దాదాపు 2,700 నాటికల్ మైళ్ళు, అంటే ఇంచుమించు 5,000 కిలోమీటర్లు. పన్నెండు మీటర్ల సాధారణ తెరచాప పడవకు ఇది మూడు వారాల ప్రయాణం. మహాసముద్రాన్ని మొదటిసారి దాటేవాళ్ళలో చాలామంది ఈ దారినే ఎంచుకోవడానికి కారణం గాలి. శీతకాలంలో ఈశాన్య వ్యాపార పవనాలు ఇక్కడ వెనక నుంచి, రోజుల తరబడి, ఒకే తీరుగా వీస్తాయి. 1492లో కొలంబస్ కూడా సెప్టెంబరు 6న కేనరీలలోని లా గొమేరా నుంచి బయలుదేరి, ఈ గాలినే నమ్ముకొని అక్టోబరు 12న అవతలి నేలను చేరాడు.

నేను ఈ దారిలో రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి వేరొకరి పడవలో చేతిసాయంగా, రెండోసారి ఒక మిత్రుడితో కలిసి కొన్న పాత పడవలో. ఈ మార్గదర్శిని నలుగురు మనుషులు, పన్నెండు మీటర్ల పడవ అన్న లెక్క మీద రాస్తున్నాను. అంకెలను మీ పడవను బట్టి మార్చుకోండి, మెట్ల వరుసను మాత్రం మార్చకండి. రుతువు తేదీని నిర్ణయిస్తుంది, తేదీ పడవ పనులను నిర్ణయిస్తుంది, పడవ వేగం రోజుల లెక్కను నిర్ణయిస్తుంది, రోజుల లెక్క తేలితే తప్ప ఎన్ని లీటర్ల నీళ్ళు, ఎన్ని కిలోల బియ్యం అన్నది తేలదు. నేను చూసిన తిప్పలన్నీ ఈ వరుసను తిరగేసినవాళ్ళవే: ముందుగా విమానం టికెట్టు కొనుక్కొని, ఆ తేదీకి సముద్రాన్ని సర్దుబాటు చేయబోయినవాళ్ళవి.

మొదటి మెట్టు: తేదీలను చివరి నుంచి వెనక్కు లెక్కించడం

అట్లాంటిక్‌లో హరికేన్ల కాలం అధికారికంగా జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు ఉంటుంది. వ్యాపార పవనాలు డిసెంబరు, జనవరి నాటికి స్థిరపడతాయి. అందువల్ల కేనరీల నుంచి బయలుదేరడానికి నవంబరు చివరి వారం మొదలుకొని జనవరి నెలాఖరు వరకు అనువైన కాలం. నన్నడిగితే డిసెంబరు రెండో వారం తర్వాతే బయలుదేరమంటాను, నవంబరులో గాలి ఇంకా ఒక దారికి రాదు. తూర్పు కోస్తాలో పుట్టినవాళ్ళకు ఈ తర్కాన్ని ప్రత్యేకంగా వివరించవలసిన పని లేదు. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్‌ను చూసినవాళ్ళెవరూ అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో విహారానికి వెళ్ళాలనుకోరు. అట్లాంటిక్‌కూ అటువంటి పంచాంగమే ఉంది, నెలలు మాత్రమే వేరు.

ఇక్కడి నుంచి వెనక్కు లెక్కించండి. డిసెంబరులో బయలుదేరాలంటే అక్టోబరు చివరికల్లా పడవ కేనరీలలో ఉండాలి, ఎందుకంటే అక్కడి రేవులు శరదృతువులో నిండిపోతాయి, చివరి మరమ్మతులకు కనీసం ఒక నెల పడుతుంది. పడవ ఇంగ్లండు దక్షిణ తీరంలో ఉన్నట్లయితే, గాలివానలకు పేరుపడిన బిస్కే అఖాతాన్ని ఆగస్టు చివరిలోగా దాటాలి. సెప్టెంబరు గడిచేకొద్దీ అక్కడ ఒక తుపాను వెళ్ళేలోగా ఇంకొకటి వస్తుంది. పోర్చుగల్, స్పెయిన్ తీరాల వెంట 2020 నుంచి ఒర్కా తిమింగలాలు పడవల చుక్కానులను గుద్ది విరగ్గొడుతున్నాయి కాబట్టి, ఆ తీరాన్ని దాటేటప్పుడు అవి ఇటీవల ఎక్కడ కనిపించాయో తెలుసుకొని, లోతు తక్కువగా ఉన్న నీటిలో తీరానికి దగ్గరగా సాగడం మేలు. ఇదంతా కలుపుకుంటే పడవ పనులు ముందటేడు శీతకాలంలోనే మొదలు కావాలి. మొత్తానికి ఏడాది పని.

దారి విషయంలో ఒక మాట. పటం మీద కేనరీల నుంచి సెయింట్ లూసియాకు స్కేలు పెట్టి గీత గీస్తే అది మిమ్మల్ని గాలి నిలకడ లేని చోటికి తీసుకుపోతుంది. ముందు నైరుతి దిశగా, సుమారు 20 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా దిగి, ఆ తర్వాత పడమరకు తిరగాలి. వెన్న కరిగేదాకా దక్షిణానికి పోయి అప్పుడు పడమరకు తిరగమని ఇంగ్లీషు నావికుల పాత సామెత. మా పడవలో వెన్న లేదు గానీ, సీసాలోని నెయ్యి పేరుకోవడం మానిన రోజునే మేము పడమరకు తిరిగాము, అది ఆరో రోజు.

ఇంకొక దారి కేప్ వర్ద్ దీవులలోని మిండెలో రేవు మీదుగా వెళ్ళడం. కేనరీలలోని లాస్ పాల్మాస్ రేవు నుంచి మిండెలోకు సుమారు 850 నాటికల్ మైళ్ళు, అక్కడి నుంచి సెయింట్ లూసియాకు మరో 2,100. మొత్తం మీద రెండు, మూడు వందల మైళ్ళు ఎక్కువవుతుంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఈ దారినే పట్టాలని నా అభిప్రాయం. పడవలోని లోపాలలో చాలావరకు మొదటి ఆరేడు రోజుల్లోనే బయటపడతాయి, అప్పటికి మీ ముందు ఒక రేవు ఉండడం చాలా పెద్ద ధైర్యం.

రెండో మెట్టు: పడవ

గాలి వెనక నుంచి వచ్చే ప్రయాణంలో పడవకు అసలు శత్రువు తుపాను కాదు, ఒరిపిడి. మూడు వారాలు రాత్రింబవళ్ళు పడవ కుడికీ ఎడమకూ పొర్లుతూనే ఉంటుంది. ప్రతి పొర్లుకూ ప్రతి తాడూ ఏదో ఒక అంచు మీద ఒక అంగుళం జరిగి వెనక్కు వస్తుంది. నిమిషానికి పదిసార్లు అనుకున్నా రోజుకు పద్నాలుగు వేల సార్లు. తెరచాపను పైకి లాగి పట్టే తాడు మాస్టు, అంటే తెరచాపలను మోసే నిలువు స్తంభం, కొసన ఉన్న కప్పీ మీద ఒకే చోట ఆనుకొని ఉంటుంది. కింద నుంచి చూస్తే అది కొత్తదానిలాగే కనిపిస్తుంది, పైన మాత్రం లోపలి నారపోగులు బయటపడి ఉంటాయి. అందుకే రోజూ ఒకే వేళకు, మేమైతే ఉదయం కాఫీ తర్వాత, ఆ తాడును నాలుగు అంగుళాలు వదలడమో బిగించడమో చేయాలి. అప్పుడు ఒరిపిడి ప్రతిరోజూ కొత్తచోట పడుతుంది. బయలుదేరే ముందు తాళ్ళన్నిటినీ రెండు మూడు మీటర్లు ఎక్కువ పొడవుతో కొనుక్కుంటే, అరిగిన కొసను కోసేసి మళ్ళీ కట్టుకునే వీలుంటుంది.

మాస్టును నిలబెట్టే ఉక్కు తీగల వయసు ఎంతో ముందుగా తెలుసుకోండి. పది, పన్నెండేళ్ళు దాటిన తీగలను మార్చనిదే బీమా ఇవ్వని సంస్థలు చాలా ఉన్నాయి, వాటి వాదన న్యాయమైనదే. తీగ ఎక్కడ తెగుతుందంటే నడిమధ్యన కాదు, కొసన ఉక్కు తొడుగులోకి దూరే చోట. అక్కడ భూతద్దం పెట్టి చూసి, గుడ్డతో తుడిచి, ఒక్క పోగు గుడ్డకు తగులుకున్నా ఆ తీగను మార్చేయండి. మాస్టు పైకి మీరే స్వయంగా ఎక్కి చూడండి. పనివాడు చూశాడని వినడం వేరు, మీ వేలితో తడిమి చూడడం వేరు.

తర్వాత చుక్కాని. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయలుదేరి భూమిని చుట్టివచ్చిన మన నౌకాదళం పడవ తారిణిలో ఆరుగురు మహిళా అధికారులు ఉండగా, వారిలో విశాఖకు చెందిన స్వాతి, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య తెలుగువాళ్ళు. 254 రోజుల ఆ యాత్రలో, ఇంటికి చేరువైన దశలో, చుక్కానిని తిప్పే యంత్రాంగం దెబ్బతిని వాళ్ళు ముందుగా అనుకోని మారిషస్‌లో ఆగవలసి వచ్చింది. నౌకాదళం సన్నద్ధతతో కదిలిన పడవకే ఆ అవస్థ వచ్చినప్పుడు మన పడవకు రాదనుకోలేము. చక్రం పనిచేయకపోతే చుక్కాని కొసకు నేరుగా తగిలించి తిప్పే అత్యవసర పిడి మీ పడవలో ఉందా, అది తగిలించాక తిప్పడానికి చోటు చాలుతుందా, రాత్రిపూట ఎన్ని నిమిషాల్లో తగిలించగలరు అన్నవి రేవులో ఉండగానే చేసి చూడండి. మేము మొదటిసారి ప్రయత్నించినప్పుడు ఆ పిడి వెనక కూర్చునే బల్లకు అడ్డు తగిలి సగం కూడా తిరగలేదు. రంపంతో బల్లను కోయవలసి వచ్చింది.

వెనుకగాలిలో ఇంకొక ప్రమాదం బూమ్. పెద్ద తెరచాప అడుగున ఉండే ఆ అడ్డదూలం, గాలి ఒక్కసారి అవతలి వైపుకు మారితే, తలను పగలగొట్టేంత వేగంతో ఈ పక్క నుంచి ఆ పక్కకు వచ్చి పడుతుంది. దాని కొస నుంచి పడవ ముందుభాగానికి ఒక ఆపుతాడు కట్టి, దాన్ని కూర్చున్న చోటి నుంచే వదిలేలా అమర్చుకోవాలి. సముద్రాన్ని దాటిన పడవలలో చాలావాటిలో ఈ తాడు శాశ్వతంగా బిగించి ఉంటుంది. ముందు తెరచాపను బయటికి చాచి పట్టే కొయ్యలు రెండుంటే పెద్ద తెరచాపను దించేసి, ముందు రెండు తెరచాపలతోనే రోజుల తరబడి వెళ్ళవచ్చు. అది వేగం కాదు గానీ నిద్ర పట్టే పద్ధతి.

ఇవన్నీ అయ్యాక మూడు రాత్రులు ఎక్కడా ఆగకుండా, కనీసం నాలుగు వందల మైళ్ళు, బయలుదేరబోయే మనుషులతోనే తిరిగి రండి. ఆ ప్రయాణంలో విరిగినవి, కారినవి, మరిచిపోయినవి అన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. మా పుస్తకంలో 43 పనులు చేరాయి.

మూడో మెట్టు: రోజులు, నీళ్ళు, తిండి

పడవ గంటకు సగటున ఐదున్నర నాటికల్ మైళ్ళు పోతుందనుకుంటే రోజుకు 132 మైళ్ళు, 2,700 మైళ్ళకు ఇరవై ఒక్క రోజులు. ఆ అంకెకు సగం కలిపి ముప్పై రెండు రోజులకు సరుకు సర్దుకోవాలి. మాస్టు విరిగి చిన్న తెరచాపతో ఈడ్చుకుంటూ పోవలసి వచ్చినా ఆకలితో కాకుండా పోవడానికే ఈ లెక్క.

నీళ్ళు మనిషికి రోజుకు తాగడానికీ వంటకూ కలిపి మూడు లీటర్లు. నలుగురికి ముప్పై రెండు రోజులకు 384 లీటర్లు. ఉప్పునీటిని మంచినీటిగా మార్చే యంత్రం ఉంటే స్నానాలకు వాడుకోండి గానీ, దాన్ని ఈ 384 లీటర్లలో చేర్చకండి. అంతకంటే ముఖ్యమైనది, నీళ్ళన్నీ ఒకే ట్యాంకులో ఉండకూడదు. నా రెండో ప్రయాణంలో తొమ్మిదో రోజున ఎడమవైపు ట్యాంకుకు మారాము. ఆ ఉదయం టీ తాగిన మొదటివాడు పంచదారకు బదులు ఉప్పు వేశారని వంటమనిషిని తిట్టాడు. రెండో కప్పు పెట్టినా అదే రుచి. వెతికితే డెక్ మీద, అంటే పడవ పైతలం మీద, ట్యాంకులో నీళ్ళు పోసే మూత కింద ఉండే రబ్బరు వలయం ఎండి పగిలి ఉంది, పడవ పొర్లినప్పుడల్లా కెరటం ఆ మూత మీదుగా పోతూ కొంచెం కొంచెంగా లోపలికి దిగింది. 150 లీటర్లు అలా చేజారాయి. కుడి ట్యాంకూ, ఐదేసి లీటర్ల సీసాల్లో విడిగా కట్టి ఉంచిన ఎనభై లీటర్లూ లేకపోతే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. ఆ వలయం ఖరీదు రెండు యూరోలు. అప్పటి నుంచి ట్యాంకు మూతలకు గ్రీజు పూయడం నా జాబితాలో మొదటి వరుసలో ఉంటుంది.

గిన్నెలను సముద్రపు నీటితో తోమి, చివర ఒక్క చెంబెడు మంచినీటితో కడగండి. బంగాళాదుంపలు ఉడికించే నీటిలో నాలుగో వంతు సముద్రపు నీరు కలిపితే వేరే ఉప్పు అక్కరలేదు.

తిండి విషయంలో తెలుగు వంటిల్లు ఈ ప్రయాణం కోసమే పుట్టిందా అనిపిస్తుంది. ఫ్రిజ్ అవసరం లేకుండా నెలలు నిలిచే ఆవకాయ, గోంగూర, కందిపొడి, చింతపండు, వేయించిన రవ్వ, పప్పులు, అప్పడాలు అన్నీ మన అలవాటు సరుకులే. తెల్లవాళ్ళు డబ్బా మాంసంతో విసిగిపోయే పదిహేనో రోజున మా పడవలో పప్పన్నం, ఆవకాయ, అప్పడం. వంటపాత్ర ఒక్కటే తీసుకువెళ్ళమంటే ప్రెషర్ కుక్కర్ తీసుకువెళ్తాను. గ్యాస్ సగం ఖర్చవుతుంది, మూత బిగించి ఉంటుంది కాబట్టి పడవ పొర్లినా ఉడుకుతున్న పప్పు ఎవరి కాళ్ళ మీదా ఒలకదు. పొయ్యి పడవతో పాటు ఊగేలా కీలు మీద అమర్చి ఉండాలి, వండేవాళ్ళు నడుముకు పట్టీ కట్టుకోవాలి, తుపాను లేకపోయినా మోకాళ్ళ కిందికి దిగే రబ్బరు ఏప్రాన్ వేసుకోవాలి. సముద్రం మధ్యలో కాలిన గాయానికి ఆసుపత్రి లేదు.

కూరగాయల్లో క్యాబేజీ, ఉల్లి, బంగాళాదుంప, గుమ్మడి, పచ్చి టమాటాలు, నిమ్మకాయలు నిలుస్తాయి. వీటిని గాలి ఆడే వలల్లో వేలాడదీసి, రోజూ తిప్పి చూసి, మెత్తబడినదాన్ని ఆ పూటే వండేయాలి. గుడ్లు ఎప్పుడూ ఫ్రిజ్‌లో పెట్టనివి, కడగనివి అడిగి తెచ్చుకొని, రెండు రోజులకొకసారి తలకిందులు చేస్తూ ఉంటే నెల దాకా ఆగుతాయి. అట్టపెట్టెలను మాత్రం పడవ ఎక్కనివ్వకండి. వాటి మడతల్లో బొద్దింక గుడ్లు ఉంటాయి. సరుకంతా రేవు గట్టు మీదే విప్పి, ఏ అర కింద ఏది పెట్టారో రాసి, ఆ కాగితాన్ని వంటింటి తలుపుకు అంటించండి.

నాలుగో మెట్టు: కరెంటు, డీజిల్

డీజిల్ ట్యాంకులో 200 లీటర్లు పడితే, గంటకు మూడు లీటర్ల చొప్పున, ఐదు నాట్ల (గంటకు ఐదు నాటికల్ మైళ్ళ) వేగంతో ఇంజను మిమ్మల్ని 330 మైళ్ళు తీసుకుపోతుంది. అంటే దారిలో ఎనిమిదో వంతు. అందువల్ల ఈ ప్రయాణంలో ఇంజను వాహనం కాదు, బ్యాటరీలు నింపే యంత్రం, రేవులోకి దూరే సాధనం మాత్రమే.

రోజువారీ కరెంటు లెక్క పన్నెండు వోల్టుల మీద ఇలా వస్తుంది: చుక్కానిని తనంతట తాను తిప్పే ఆటోపైలట్‌కు 72 ఆంపియర్-గంటలు, ఫ్రిజ్‌కు 45, పరికరాలకూ రేడియోకూ 25, దీపాలకు 10, ఫోన్లకు 8, మొత్తం 160. నాలుగు వందల వాట్ల సౌర పలకలు తెరచాపల నీడను లెక్కలోకి తీసుకున్నాక 120 దాకా ఇస్తాయి. మిగిలిన 40 కోసం రోజూ గంటసేపు ఇంజను నడపాలి. గాలిమర పెట్టుకుందామని చాలామందికి తోస్తుంది గానీ, గాలితో పాటే పోతున్న పడవ మీద ఆ గాలి బలం సగమే తగులుతుంది, మర బద్ధకంగా తిరుగుతుంది. కరెంటు అసలే అక్కరలేని ఉపాయం ఒకటుంది. పడవ వెనక బిగించే గాలిరెక్క యంత్రం గాలి దిశను పసిగట్టి, నీటి ఒరవడి బలంతోనే చుక్కానిని తిప్పుతుంది. ఖరీదు ఎక్కువే, కానీ నలుగురిలో ఎవరూ చక్రం పట్టుకోనవసరం లేకుండా చేసే ఐదో మనిషి అది. కరెంటుతో నడిచే ఆటోపైలట్ ఒక్కటే ఉంటే దాని మోటారు మరొకటి విడిగా వెంట ఉంచుకోండి.

ఐదో మెట్టు: ఎవరూ రారన్న లెక్కతో భద్రత

2018 సెప్టెంబరు 21న దక్షిణ హిందూ మహాసముద్రంలో ఒంటరి పందెంలో ఉన్న మన నౌకాదళ అధికారి అభిలాష్ టోమీ పడవ తుపానులో తిరగబడి మాస్టు విరిగింది, అతని వెన్నెముక దెబ్బతింది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు సుమారు 1,900 నాటికల్ మైళ్ళ దూరం. అతను ఎక్కడున్నాడో అందరికీ తెలుసు, విమానాలు పైనుంచి చూశాయి కూడా. అయినా ఫ్రెంచి చేపల గస్తీ నౌక ఒసిరిస్ అతన్ని చేరేసరికి 24వ తేదీ వచ్చింది. సహాయం పిలిస్తే పలికినా, చేరడానికి రోజులు పడుతుందని ఈ ఉదంతం చెబుతోంది. హెలికాప్టర్లు నడిసముద్రం దాకా రావు. అట్లాంటిక్‌లో మీ దగ్గరకు వచ్చేది దారి మళ్ళించిన ఏదో సరుకు నౌకే.

కాబట్టి మొదట కొనవలసినది 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహాలకు సంకేతం పంపే అత్యవసర బీకన్. దాన్ని పడవ జెండా ఏ దేశానిదో ఆ దేశంలో నమోదు చేసి, అందులో మీ ప్రయాణ ప్రణాళిక తెలిసిన బంధువు ఫోన్ నంబరు ఇవ్వండి. సంకేతం అందగానే అధికారులు మొదట ఆ నంబరుకే ఫోన్ చేస్తారు. అర్ధరాత్రి ఆ ఫోన్ ఎత్తినవారికి పడవ రంగు, మనుషుల సంఖ్య, బయలుదేరిన తేదీ చెప్పగలగాలి. ఇంట్లో వారికి అవి ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. గాలి నింపుకొనే లైఫ్‌రాఫ్ట్ తనిఖీ గడువు ప్రయాణం పూర్తయ్యేదాకా ఉండాలి. ఉపగ్రహ ఫోన్, సమీప నౌకలను తెరమీద చూపే ఏఐఎస్, పదహారో చానల్ మీద వినే వీహెచ్‌ఎఫ్ రేడియో తప్పనిసరి.

వీటన్నిటికంటే ఎక్కువ ప్రాణాలు కాపాడేది మనిషిని పడవకు కట్టి ఉంచే రెండు మీటర్ల పట్టీ. ఆరు నాట్ల వేగంతో పోయే పడవ నిమిషానికి 185 మీటర్లు కదులుతుంది. రాత్రిపూట నీళ్ళలో పడిన మనిషి తల, తెరచాపలు దించి పడవను తిప్పేలోగా, కెరటాల మధ్య కనబడకుండా పోతుంది. చీకటి పడ్డాక, ఒంటరిగా ఉన్నప్పుడు, డెక్ మీద ముందుకు వెళ్ళేటప్పుడు, ఈ మూడు సందర్భాల్లోనూ నడుము పట్టీని పడవకు తగిలించకుండా ఎవరూ లోపలి నుంచి బయటికి రాకూడదన్నది మా పడవలో చర్చకు తావులేని నియమం. ఆ పట్టీ కొసను తగిలించడానికి డెక్ పొడవునా పరిచే పట్టాను పడవ అంచు వెంట కాకుండా వీలైనంత మధ్యగా పరవండి. అప్పుడు జారినా నీళ్ళ దాకా పోరు.

మందుల పెట్టె విషయంలో మీ వైద్యుణ్ణి కలిసి, నొప్పి, జ్వరం, చర్మపు పుండ్లు, పంటినొప్పి, కాలిన గాయాలకు మందులు రాయించుకోండి. సముద్రపు వికారం మాత్రలను బయలుదేరే ముందురోజే మొదలుపెట్టాలి, వాంతులు మొదలయ్యాక మింగినది కడుపులో నిలవదు. రోము నగరంలో 1935 నుంచి పనిచేస్తున్న చిర్మ్ అనే కేంద్రం సముద్రంలో ఉన్నవారికి ఉచితంగా వైద్య సలహా ఇస్తుంది. దాని నంబరును ఉపగ్రహ ఫోన్‌లో ముందే పెట్టుకోండి. పంటి వైద్యుణ్ణి కూడా చూసి రండి.

ఆరో మెట్టు: మనుషులు, పహరాలు

నలుగురు ఉంటే ఒక్కొక్కరు మూడు గంటలు మేలుకొని తొమ్మిది గంటలు విశ్రాంతి తీసుకునే పద్ధతి హాయిగా ఉంటుంది. ఇద్దరే ఉంటే మూడేసి గంటల వంతులు. అది మొదటి నాలుగు రోజులు నరకం, తర్వాత ఒళ్ళు అలవాటు పడుతుంది. దిగంతం మీద కనిపించిన సరుకు నౌక పదిహేను, ఇరవై నిమిషాల్లో మీ దగ్గరికి వచ్చేయగలదు కాబట్టి, పహరాలో ఉన్నవారు పది నిమిషాలకొకసారి లేచి నాలుగు దిక్కులా చూడాలి. ఫోన్‌లో పదేసి నిమిషాలకు అలారం పెట్టుకోవడం సిగ్గుపడవలసిన విషయం కాదు.

మనుషులను ఎంచుకునేటప్పుడు నావిక నైపుణ్యం కంటే ముందు చూడవలసింది ఒకటుంది: అన్నం తిన్న గిన్నెను అడగకుండా కడిగే స్వభావం. తెరచాప కుదించడం మూడు రోజుల్లో నేర్పవచ్చు. ఖర్చులు ఎవరెవరు ఎంత పెట్టుకోవాలి, తుది మాట ఎవరిది, మధ్యలో ఎవరైనా మిండెలోలో దిగిపోతామంటే తిరుగు ఖర్చు ఎవరిది అన్నవి కాగితం మీద రాసుకోండి. స్నేహితుల మధ్య కాగితమెందుకని మొహమాటపడితే పదో రోజున నడిసముద్రంలో మాట్లాడుకోవలసి వస్తుంది.

ఏడో మెట్టు: కాగితాలు

పడవ నమోదు పత్రం, బీమా, రేడియో అనుమతి, పాస్‌పోర్టులు, మనుషుల జాబితా నాలుగైదు నకళ్ళు. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు ప్రత్యేకంగా గమనించవలసినది, కేనరీలు స్పెయిన్‌లో భాగం కాబట్టి అవి షెంజెన్, అంటే ఒకే వీసా చెల్లే యూరప్ దేశాల కూటమి, పరిధిలోకే వస్తాయి. గాలి కోసం అక్కడ ఎదురుచూసే వారాలన్నీ 180 రోజుల్లో 90 అన్న పరిమితిలో కలుస్తాయి. సెయింట్ లూసియాకూ, దారి తప్పితే చేరగల బార్బడోస్, మార్టినిక్ వంటి చుట్టుపక్కల దీవులకూ, మిండెలోలో ఆగితే కేప్ వర్ద్‌కూ వీసా నిబంధనలు విడివిడిగా ఆయా దేశాల కార్యాలయాలను అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి. మీ తోటివారికి బ్రిటిష్ పాస్‌పోర్టు ఉండి మీకు లేకపోతే, వారికి తెలిసిన నియమం మీకు వర్తించదు. ఒకవైపు టికెట్టుతో కేనరీలకు విమానంలో వెళ్ళేవారు పడవ యజమాని సంతకంతో ఉత్తరం దగ్గర పెట్టుకోకపోతే విమానాశ్రయంలోనే ఆపేయవచ్చు.

ఎనిమిదో మెట్టు: చివరి వారం, సముద్రం మీది దినచర్య

చివరి వారంలో రోజూ ఉదయం, సాయంత్రం వాతావరణ నమూనాల గాలి పటాలు రెండు వేర్వేరు సంస్థలవి దించుకొని పోల్చండి. రెండూ ఒకే మాట చెబుతున్న మొదటి నాలుగు రోజులను మాత్రమే నమ్మండి, పదో రోజు అంచనా జాతకంతో సమానం. కేనరీలలో రెండు ఎత్తైన దీవుల మధ్య గాలి ఒక్కసారిగా పదిహేను నాట్లు పెరిగే ఇరుకు మార్గాలున్నాయి. కాబట్టి రేవు దాటకముందే తెరచాపను ఒక మడత కుదించి బయలుదేరడం తెలివైన పని. మొదటి మూడు రోజులకు అన్నం, పులిహోర ముందే చేసి పెట్టుకోండి, ఆ మూడు రోజులు ఎవరికీ వంటింట్లో నిలబడబుద్ధి కాదు.

సముద్రం మీద రోజు గడిచే తీరు ఇది. తెల్లవారగానే డెక్ అంతా తిరిగి చూడడం: ఊడి పడిన మేకు గానీ, మర గానీ డెక్ మీద దొరికితే, అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసేదాకా టిఫిన్ లేదు. రాత్రి ఎగిరివచ్చి పడిన పరవ చేపలు, వేలెడంత నుంచి జానెడు దాకా, తాళ్ళ మధ్య ఎండి అంటుకొని ఉంటాయి, వాటి పొలుసులను గీకి తీయాలి. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు కోణాలు కొలిచే సెక్‌స్టంట్‌తో దాని ఎత్తు కొలిచి అక్షాంశం కట్టడం నేర్చుకోండి, పిడుగు పడి పరికరాలన్నీ పోయినా పడమరగా ఒక దీవిని పట్టుకోగలుగుతారు. ప్రతి గంటకూ స్థానాన్ని కాగితపు పుస్తకంలో రాయండి. సూర్యాస్తమయానికి ముందే, గాలి ఎంత బాగున్నా, తెరచాపను తగ్గించండి. ఉష్ణమండలంలో రాత్రివేళ నల్లమబ్బు కింద వచ్చే ఈదురుగాలి పదిహేను నాట్లను పది నిమిషాల్లో ముప్పై ఐదు చేస్తుంది. ఆ పది నిమిషాలు చీకట్లో, నిద్రమత్తులో, వానలో గడపడం కంటే రాత్రికి ఇరవై మైళ్ళు తక్కువ పోవడం నయం.

సాగరం మధ్యలో బంగారు రంగు సర్గాసమ్ నాచు మైళ్ళ పొడవునా తెట్టెలు కట్టి వస్తుంది, గాలిరెక్క యంత్రం కింది పలకకు చుట్టుకుంటుంది. పొడవాటి కర్ర ఒకటి వెనకే ఉంచుకోండి.

చేరిన రోజు

సెయింట్ లూసియా ఉత్తర కొస రాత్రిపూట కనబడితే, తెల్లవారేదాకా సముద్రంలోనే నెమ్మదిగా తిరగండి. మూడు వారాలు నేల చూడని కళ్ళకు దీపాల దూరం తెలియదు. రోడ్నీ బే రేవులోకి ప్రవేశించేటప్పుడు మాస్టుకు కుడివైపున పసుపుపచ్చ జెండా ఎగరేయాలి, అధికారుల అనుమతి వచ్చేదాకా యజమాని ఒక్కరే కాగితాలతో దిగాలి. మిగిలినవారు పడవలోనే ఉండాలి, గట్టు మీద చల్లని కొబ్బరిబోండాలు ఎంత ఊరించినా. మిగిలిన పళ్ళు, కూరలు అధికారులు అడిగితే ఇచ్చేయండి.

ఆ సాయంత్రమే తాళ్ళనూ తెరచాపలనూ మంచినీటితో కడిగి, మాస్టు ఎక్కి చూసి, అరిగినవాటి జాబితా రాయండి. నిద్రపోయి లేచాక సగం మరిచిపోతారు. ఆ జాబితా కిందే ఇంకో తేదీ రాసుకోవాలి. మే నెల వచ్చేసరికి పడవ బెర్ముడా, అసోర్స్ మీదుగా యూరప్ దారి పట్టి ఉండాలి, లేదా హరికేన్లు తక్కువగా వచ్చే దక్షిణ దిక్కున గ్రెనడాలోనో ట్రినిడాడ్‌లోనో ఒడ్డుకెక్కి ఉండాలి. అక్కడి పడవల యార్డుల్లో చోటు కోసం ఫిబ్రవరిలోనే ఉత్తరం రాయండి, ఏప్రిల్‌లో రాస్తే దొరకదు.